చదువురాని తల్లికీ ఒక పని చెప్పు

విడపనకల్లు,
నవంబరు 2025.

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోనులో నువ్వడిగినదానికి రెండు ముక్కలు చెప్పి పెట్టేయడం నాకు మనస్కరించలేదు. అందుకే ఈ ఉత్తరం. డిసెంబరు 5న మెగా పేరెంట్–టీచర్ మీటింగు. మెగా డీఎస్సీలో ఉద్యోగం వచ్చి మన మండలంలోనే బడిలో చేరాక నీకిదే మొదటిది. తరగతిలో వాడే టెక్నాలజీ విషయంలో ఇంట్లో తల్లిదండ్రులు పిల్లలకు ఎలా తోడుండాలో చెప్పే బాధ్యత నీకు అప్పగించారన్నావు, పీపీటీ తయారు చేస్తున్నానన్నావు. పీపీటీ పక్కన పెట్టు బుజ్జీ. ఎందుకో ఓపిగ్గా చదువు.

ఆ రోజు బడికి ఎవరొస్తారో ముందు ఆలోచించు. పత్తి ఏరే రోజులు. నల్లరేగడి చేలల్లో పప్పుశనగ మొలిచి ఉంటుంది. మీటింగుకు వచ్చిన ప్రతి తల్లీ ఒక పూట కూలి వదులుకొని వస్తుంది. 2011 జనాభా లెక్కల్లో మన అనంతపురం జిల్లా ఆడవాళ్లలో అక్షరం వచ్చినవాళ్లు సుమారు 54 శాతం. ఆ లెక్కకు అవతల మిగిలినవాళ్లే నీ పిల్లల అవ్వలు, కొందరి అమ్మలు. కొందరి అమ్మానాయనలు బెంగళూరులో కట్టడం పనుల్లో ఉంటారు, వాళ్ల బదులు అవ్వ వస్తుంది. బళ్లారి వైపు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లలో ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్లూ ఉంటారు. వాళ్లందరినీ కూర్చోబెట్టి 'డిజిటల్ లెర్నింగ్', 'స్క్రీన్ టైమ్' అని స్లైడ్లు తిప్పితే మర్యాదకు తలూపుతారు. చెప్పింది మనకు కాదులే అనుకొని ఇంటికి పోతారు. నాకు భయమంతా అక్కడే. చదువురాని తల్లి చాలా ఏళ్లుగా బడి గడప దగ్గరే ఆగిపోతోంది. ఇప్పుడు చేతికి ఫోనూ తరగతికి ప్యానెల్ తెరా వచ్చాక, ఇక ఇది బొత్తిగా నాకు తెలియని వ్యవహారమని ఇంకో అడుగు వెనక్కి వేస్తోంది. ఆమెను ముందుకు పిలవడమే నీ పని.

బిడ్డ చదువుకు తోడుండటానికి ఆమెకు యాప్ తెలియాల్సిన పని లేదు. తరగతిలో ఏం జరిగిందో తెలిస్తే చాలు. ఆ సంగతి ఆమెకు చెప్పగలిగింది నువ్వొక్కదానివే.

కాబట్టి వాళ్లను తరగతి గదిలోకే తీసుకుపో. బడులను బాగుచేసే నాడు–నేడు పనుల్లో హైస్కూళ్లకు వచ్చిన, వేలితో తాకి నడిపే ఆ ఐఎఫ్‌పీ ప్యానెల్ ఎలా ఉంటుందో చాలామంది కళ్లారా చూసి ఉండరు. పెద్ద టీవీ అనుకుంటారు. బడిలో మా పిల్లలకు సినిమాలు వేస్తున్నారా అని అడిగినవాళ్లను నేనే చూశాను. నువ్వు లెక్కల టీచరువి కదా, లెక్కల బొమ్మలు గీసే జియోజీబ్రా తెరిచి ఒక త్రిభుజం గీసి పెట్టు. వాళ్ల బిడ్డల్లో ఒకరిని, ఎప్పుడూ ముందుకు రాని బిడ్డను పిలిచి, ఒక మూల పట్టుకొని వేలితో లాగమను. మూడు కోణాలూ మారుతుంటాయి, కూడితే మాత్రం ఎప్పుడూ 180 డిగ్రీలే వస్తుంది. ఆ పిల్ల దాన్ని తన మాటల్లో వాళ్లమ్మకు చెప్పాలి. ఇంట్లో కన్నడం అయితే కన్నడంలోనే చెప్పనీ. నువ్వు మధ్యలో అందుకోవద్దు. తడబడినా ఆగు. నా బిడ్డ దీంతో చేసేది ఇదా అని ఆ తల్లికి అప్పుడు తెలుస్తుంది.

ఇలా పెద్దలూ పిల్లలూ ఒకే తెర చూసిన కాలం ఇంతకుముందూ ఒకటుంది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా 'సైట్' అని ఒక ప్రయోగం జరిగింది. అమెరికా వాళ్ల ఏటీఎస్–6 ఉపగ్రహం ద్వారా దేశంలో ఆరు రాష్ట్రాల పల్లెలకు టీవీ కార్యక్రమాలు వేశారు, సుమారు 2400 ఊళ్లు. మన పక్కనున్న కర్నూలు జిల్లా ఊళ్లూ అందులో ఉన్నాయి. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దవాళ్లకు. ఊరికంతా ఒకటే టీవీ కాబట్టి పిల్లలు ఏం చూస్తున్నారో ఊరందరికీ తెలిసేది. ఆ తర్వాత 2020లో కరోనాకు బళ్లు మూసినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో 'విద్యా వారధి' పాఠాలు వచ్చాయి. అప్పుడు కూడా ఇంట్లో టీవీ ముందు అవ్వ కూర్చొని ఉండేది. ఇప్పుడు ఆ పాఠం అరచేతిలోకి వచ్చి, పిల్లవాడు గోడవైపు తిరిగి చూసుకునేదైంది. తల్లి కంటికి పాఠమూ ఆటా ఒకేలా కనిపిస్తున్నాయి. ఆమె అనుమానపడితే తప్పేముంది?

మీ పదో తరగతి పిల్లల సంగతి వేరు. వాళ్లు ఎనిమిదిలో ఉండగా, 2023 డిసెంబరులో ప్రభుత్వం ట్యాబులిచ్చింది. అంతకు ముందు ఏడాది డిసెంబరు 21న మొదటి విడత. పాఠాలు మెమరీ కార్డులోనే వేసి ఇచ్చారు, నెట్ లేకపోయినా నడవాలని. మన ఊళ్లకు ఆ ఆలోచన చాలా మంచిది. ఆ పాఠాలు తయారు చేసిన బైజూస్ కంపెనీ మీద 2024 జులైలో దివాలా విచారణ మొదలైంది. ఆ రెండు విడతల తర్వాత ఎనిమిదికి వచ్చిన పిల్లలకు, అంటే నీ తొమ్మిదో తరగతికి, ఇంట్లో ఉన్నది నాయన ఫోనే. కంపెనీలూ పథకాలూ వస్తుంటాయి, పోతుంటాయి. నువ్వు తల్లులకు నేర్పేది ఫలానా యాప్ మీద ఆధారపడితే ఆ యాప్ పోయిన రోజు వాళ్ల చేతిలో ఏమీ మిగలదు.

ఆ నాయన ఫోను సంగతి కొంచెం నిదానంగా చూడు. పొద్దున అతనితో పాటు చేనికి పోతుంది. బోరుకు కరెంటు ఎప్పుడొస్తుందో, మిరపకాయ ధర ఎంతుందో, కూలికి ఎవరొస్తారో అన్నీ అందులోనే. ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది, చార్జింగు అయిపోయి ఉంటుంది. రోజుకింతని వచ్చే డేటా సాయంత్రానికి సగం మిగిలితే గొప్ప. అప్పుడు అన్న ఒకడు, చెల్లెలు ఒకతె, ఇద్దరికీ ఒకటే ఫోను. నువ్వు రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపులో ముప్పై నిమిషాల వీడియో పెట్టి రేపటికి చూసి రండి అంటే ఆ ఇంట్లో తగువు పెట్టినట్టే. నాలుగు నిమిషాలకు మించని వీడియో పంపు. సాయంత్రం నాలుగులోపు పంపితే మరీ మంచిది. పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉన్న పాఠాలను ప్రభుత్వ దీక్ష యాప్‌లో ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే తర్వాత నెట్ లేకుండా చూడొచ్చని చూపించు. ఫోను లేని ఇంటి పిల్లకు అదే పని పుస్తకంలోనే చేసుకునే దారి ఉంచు. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకం వాళ్ల సంచిలోనే ఉంది కదా. ఫోను లేదన్న కారణంగా ఏ పిల్లకూ మార్కు తగ్గకూడదు. ఈ ఒక్క విషయంలో నువ్వు మీ స్టాఫ్ రూములో వాదించాల్సి వచ్చినా వాదించు.

ఎంతసేపు ఇవ్వాలని అడుగుతారు. బళ్లు మూసి ఉన్న 2020లో కేంద్ర విద్యాశాఖ 'ప్రజ్ఞత' పేరుతో ఆన్‌లైన్ తరగతులకు ఒక హద్దు పెట్టింది. ఎనిమిది దాకా రోజుకు రెండు తరగతులు, తొమ్మిది నుంచి నాలుగు, ఒక్కోటి ముప్పై నుంచి నలభై ఐదు నిమిషాలు. అది బడి లేని రోజుల లెక్క. బడిలో ప్యానెల్ చూసి వచ్చిన పిల్లకు ఇంట్లో అరగంట చాలని నా అభిప్రాయం. రాత్రి ఫోను వాకిలి గదిలో చార్జింగుకు ఉండాలి, దుప్పటి కిందికి పోకూడదు.

ఇక తల్లి ఏం చేయాలి? ఇక్కడే నువ్వు స్పష్టంగా ఉండాలి. మూడు ప్రశ్నలు నోటికి వచ్చేదాకా చెప్పు: ఈ పొద్దు బడిలో తెర మీద ఏం చూసినావు? దాంట్లో నీకు అర్థం కానిది ఏంది? రేపు టీచరమ్మను ఏం అడుగుతావు? జవాబు ఆమెకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. ఫోను పక్కన పెట్టి పిల్ల గడగడా చెప్పగలిగితే చదివింది. ఫోను మళ్లీ మళ్లీ తీసి చూస్తే చూసింది గానీ చదవలేదు. ఈ తేడా పట్టుకోవడానికి అక్షరం రావాల్సిన అవసరం లేదు. ఇంకొకటి, ఫోను పక్కన నోట్సు తెరిచి ఉండాలి, చేతిలో పెన్ను ఉండాలి. అరగంట గడిచాక ఆ పేజీలో గీత పడిందా లేదా అవ్వ కూడా చూడగలదు.

వాళ్లు ఆ ప్రశ్నలు అడగాలంటే నువ్వు ప్రతి వారం ఒక మాట పంపాలి. రాతలో వద్దు, నీ గొంతుతో వాయిస్ మెసేజ్, ఒక నిమిషం లోపు. ఇలాగ: "అమ్మా, నేను లెక్కల టీచర్ని. ఈ వారం మీ పిల్లలు త్రిభుజాలు నేర్చుకున్నారు. అన్నం తిన్నాక మన ఇంటి కప్పు వాసాల్లో, మంచం కోళ్ల దగ్గర త్రిభుజం ఎక్కడుందో చూపించమనండి. చూపించాక వీడియోకు ఫోను ఇవ్వండి, పక్కన మీరూ కూర్చోండి." బెంగళూరులో షెడ్డులో ఉన్న నాయన కూడా ఈ మాట విని, రాత్రి ఫోను చేసినప్పుడు మార్కులెన్ని అని కాకుండా త్రిభుజం చూపించినావా అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకు పిల్లవాడి ముఖం ఎలా వెలుగుతుందో నేను ఎన్నో ఇళ్లలో చూశాను.

భయపెట్టే మాటలు మాత్రం మీటింగులో తగ్గించు. పల్లె పిల్లల చదువుల మీద వచ్చే అసర్ సర్వే 2024 నివేదిక చూడు. దేశంలోని పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో స్మార్ట్‌ఫోను వాడటం వచ్చినవాళ్లు 82 శాతం. సర్వేకు ముందు వారంలో చదువు పనికి వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. వాడటం వచ్చినవాళ్లలో సొంత ఫోను ఉన్నది మగపిల్లల్లో 36 శాతానికి, ఆడపిల్లల్లో 27 శాతానికి. ఈ చివరి తేడా దగ్గర ఆగు. ఫోను వల్ల పిల్లలు చెడిపోతారని నువ్వు గట్టిగా చెప్పావనుకో, ఆ సాయంత్రం ఫోను లాక్కునేది ఎవరి చేతిలోంచి? మగపిల్లవాడు అలిగి అన్నం మానేస్తే రెండో రోజుకు మళ్లీ ఇస్తారు. ఆడపిల్ల దగ్గర ఒక తెలియని నంబరు కనిపిస్తే చదువే మానిపిస్తారు, పెళ్లి సంబంధాలు వెతుకుతారు. మన ప్రాంతంలో పదో తరగతి దాటని అమ్మాయిల పెళ్లిళ్లు నువ్వూ చూశావు. అందుకని నాయనల వైపు తిరిగి చెప్పు: కొడుక్కి ఎంతసేపు ఇస్తే కూతురికీ అంతసేపు, అదే చోట, అందరి ముందు. కూతురికి చెడ్డ మెసేజ్ వస్తే ఆ తప్పు పంపినవాడిది. ఆమె భయం లేకుండా నీ దగ్గరికి వచ్చి చెప్పాలంటే చదువు మానిపిస్తామన్న బెదిరింపు ఆ ఇంట్లో ఉండకూడదు. ఇది చెప్పేటప్పుడు గొంతు తగ్గించకు బుజ్జీ.

డబ్బు విషయం కొద్దిగా చెప్పాలి. ఈ జూన్‌లో 'తల్లికి వందనం' పథకం కింద ఒక్కో బిడ్డకు 13,000 రూపాయలు తల్లుల ఖాతాల్లో పడ్డాయి. ఆ ఖాతాకు కలిపిన నంబరున్న ఫోనే పిల్లల చేతిలో ఉంటుంది. యూపీఐ పిన్ పిల్లలకు చెప్పకూడదు, ఓటీపీ ఎవరడిగినా ఇవ్వకూడదు, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. ఆ నంబరు బోర్డు మీద పెద్దగా రాసి పెట్టు, పిల్లల చేత నోట్సు అట్ట వెనక రాయించు. నీ వైపు నుంచి కూడా ఒక జాగ్రత్త. పిల్లల ఫొటోలు తల్లిదండ్రులను అడగకుండా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు. 2023 డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలు వాడుకునే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలంటోంది. కంపెనీలకే అంత నియమం ఉంటే టీచరు అడగడం కనీస మర్యాద.

మీటింగుకు రాని ఇళ్ల పేర్లు ఆ సాయంత్రమే రాసుకో. వాళ్లే నీకు ముఖ్యం. ఊళ్లో ఉన్నవాళ్ల దగ్గరికి పొద్దు గూకాక వెళ్లు, పగలు వెళ్తే తాళమే కనిపిస్తుంది. గుంతకల్లుకు చివరి బస్సు దాటిపోతుందని బెంగ పెట్టుకోకు, ఆ రోజుల్లో మన ఇంట్లోనే పడుకో. బెంగళూరు పోయినవాళ్లు సంక్రాంతికి ఊరికొస్తారు. సెలవుల్లో ఒక పూట వచ్చి హెడ్‌మాస్టరును అడిగి తరగతి గది తెరిపించు, ఆ త్రిభుజం వాళ్లకూ చూపించు. ఏ ఇల్లు ఎక్కడుందో, ఎవరు ఎప్పుడు దిగుతారో నాకు తెలుసు కాబట్టి నేనూ వెంట వస్తాను. ఆ పేర్లు ముందుగా నాకు పంపు.

ఇట్లు
మీ పెద్దమ్మ