అడవి అంచున ఆదాయ గణన : పరిశోధనా పద్ధతిపై కొన్ని ఆలోచనలు

భద్రాచలం అడవి అంచున నివసించే ఒక కోయ కుటుంబపు ఆదాయమెంత? ప్రశ్న సులభమైనదే. ప్రశ్నావళి చేతబట్టి పల్లెకు వెళ్ళిన అర్థశాస్త్ర విద్యార్థికి మాత్రం సమాధానం అంత సులభంగా దొరకదు.

మార్చి, ఏప్రిల్ నెలలలో ఇప్పపువ్వు రాలుతుంది. ఆ వెంటనే తునికాకు సేకరణ; యాభై ఆకులొక కట్ట, కట్టల లెక్కన కల్లంలో కూలి. జూన్ మొదట్లో వెళ్ళి “గడచిన ముప్పది రోజులలో మీకెంత వచ్చినది?” అని అడిగితే ఆ కుటుంబం ఉన్నదానికంటె సంపన్నంగా కనబడుతుంది. పోడు పంట ఇంకా చేతికి రాని ఆగస్టులో అదే ప్రశ్న వేస్తే నిరుపేదగా తేలుతుంది. మనుషులు మారలేదు, అడిగిన నెల మారింది. ఇక ఇంటిల్లిపాది తిన్న ఇప్పపువ్వుకు, తవ్వి తెచ్చుకున్న దుంపలకు, ఇంటికప్పుకు కోసుకున్న వెదురుకు ధర కట్టవలెనా? కడితే, సంతలో వర్తకుడిచ్చే ధరా, అదే సరుకు తిరిగి కొనవలసి వస్తే పెట్టవలసిన ధరా? ఆదాయమనే మాటకు మనమిచ్చే నిర్వచనమే, కూడిక మొదలుకాకముందే, ఫలితంలో చాలా భాగాన్ని నిర్ణయించివేస్తుంది.

ఈ చిక్కు అడవి పల్లెలకే పరిమితం కాదు. జాతీయ నమూనా సర్వేక్షణ లెక్కల ప్రకారం 1993-94లో సుమారు 36 శాతంగా ఉన్న దేశ పేదరికం 1999-2000 నాటికి 26 శాతానికి దిగింది. అయితే ఈ రెండవ సర్వేక్షణలో ఆహారపు ఖర్చును ఏడు రోజులకు, ముప్పది రోజులకు పక్కపక్కనే అడిగారు. బట్టలు, చదువు వంటి ఖర్చులను ఏడాది మొత్తానికి అడిగారు. తగ్గుదలలో నిజమెంత, ప్రశ్న మారినందువలన వచ్చినదెంత అన్న విషయమై ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు.

కొలత సరిదిద్దుకున్నా సిద్ధాంతం మిగిలే ఉంటుంది. ఉర్దూలో పరిశోధనను ‘తహ్ఖీఖ్’ అంటారు. ‘హఖ్’ అనగా సత్యం, దానిని స్థిరపరచుట అని భావం. వియన్నాలో పుట్టిన కార్ల్ పాపర్ 1934లో వెలువడిన తన గ్రంథంలో ఇందుకు ఎదురుదారి చూపాడు: ఏది కనబడితే తన మాట తప్పని ఒప్పుకుంటాడో ముందుగా చెప్పనివాడు శాస్త్రం చెప్పడం లేదు. “పోడు చేసుకొనే గిరిజనుడు సంప్రదాయబద్ధుడు, ధరకు స్పందించడు” అన్న మాట తీసుకోండి. ధర పెరిగినా అతడు ఎక్కువ పని చేయకపోతే సంప్రదాయమంటారు. చేస్తే ఎవరో బలవంతపెట్టారంటారు. ఏ ఫలితానికీ జంకని ఇటువంటి మాట పరికల్పన కాదు, అభిప్రాయం.

ఊహలు వాస్తవమా కాదా అన్నది ముఖ్యం కాదు, అంచనా ఫలిస్తే చాలునని మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1953లో వాదించాడు. గోదావరి ఒడ్డున ఆ వాదం నిలవదని నా అభిప్రాయం. అందుకు కారణం మరొక వియన్నా వాసి గ్రంథంలో దొరుకుతుంది. 1909లో జన్మించిన ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ రెండవ ప్రపంచ యుద్ధం మూలంగా నైజాం రాజ్యంలో చిక్కుబడి, 1941లో పాపికొండల ప్రాంతపు కొండరెడ్ల నడుమ నివసించి, 1945లో వారిపై గ్రంథం ప్రకటించాడు. కలప, వెదురు వర్తకుల వద్ద అప్పుపడి, ఆ అప్పు తీరక కూలి చేస్తున్న కుటుంబాలను ఆయన చూశాడు. లెక్క వ్రాసేది వర్తకుడు; చదవలేనివాడు కూలివాడు. అటువంటి చోట కూలిరేటు పెరిగినా చేతికి వచ్చేది పెరగదు. దూరాన కూర్చుని అంకెలు మాత్రమే చూచేవాడు దానిని సోమరితనమని వ్రాసుకుంటాడు. ఊహించిన స్వేచ్ఛా బేరం అక్కడ లేనే లేదు.

అయితే ఒక్క మనిషి కొద్ది పల్లెలలో చూచినదాని నుండి జిల్లా సగటు రాదు. సగటు కావాలంటే నమూనా సర్వేక్షణే శరణ్యం. హైమెన్‌డార్ఫ్ 1970ల దశకంలో తాను పూర్వం తిరిగిన గిరిజన ప్రాంతాలకు మళ్ళీ వచ్చి, ఆనాటి తన అంచనాలను కళ్ళారా పరీక్షించుకొని 1982లో ఇంకొక గ్రంథం ప్రకటించాడు. ఆ అవకాశం అందరికీ లభించదు.

ఏది సాక్ష్యమన్న ప్రశ్న ఇక్కడ పుస్తకాలలోనిది మాత్రమే కాదు. 2006 అటవీ హక్కుల చట్టం క్రింద 2005 డిసెంబరు 13 నాటికి గిరిజనుడు భూమిని అనుభవిస్తూ ఉన్నట్లు చూపాలి. గ్రామ పెద్దలు చెప్పినది వ్రాసుకున్నా అది సాక్ష్యమేనని నిబంధనలు అంగీకరించాయి. కాగితం లేని ఇంటికి ఆ మాటే ఆధారం.

మన విద్యార్థులు సర్వేకు వెళ్ళేటప్పుడు ఒకే ఇంటిని మూడు ఋతువులలో చూడండి. ఏ సమాధానం వస్తే మీ ఊహ వీగిపోతుందో బయలుదేరే ముందే కాగితం మీద పెట్టండి. ముప్పది రోజుల లెక్క అడిగే బదులు, ఇప్పపువ్వు రాలినప్పటి నుండి ఏమేమి అమ్మారని అడగండి.