పన్ను నొప్పి ఆలస్యంగా వస్తుంది

చోడవరం చుట్టుపక్కల పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తగా పనిచేసి రిటైరయ్యాను. టీకాలు, కాన్పులు, జ్వరమొస్తే రక్తపూత తీయడం, నా జీతం వీటికే. పళ్లు నా డ్యూటీలో లేవు. అయినా వీధరుగు మీద సంచీ దించగానే ఎవరో ఒకావిడ పక్కకి జరిగి, కొంగు అడ్డం తీసి, "నర్సమ్మా, ఇదేటో సూడు" అని నోరు తెరిచేది. డాక్టర్లు చెప్పగా విన్నదీ, చదువుకున్నదీ, ఆ నోళ్లలో చూసిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మా జిల్లా 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి. నా చెయ్యి మాత్రం ఇంకా విశాఖపట్నం జిల్లా అనే రాస్తుంది, ఏమనుకోకండి.

1. నొప్పి వచ్చాక వెళ్దామనుకోవద్దు.

పంటి పైపొరని ఎనామెల్ అంటారు. మన ఒంట్లో అంతకంటే గట్టిది లేదు. దానికి నరాలూ లేవు, అందుకే అది పుచ్చుతున్నప్పుడు మనకేమీ తెలియదు. పుచ్చు లోపలి పొరకి దిగాక చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటుంది. నరం దాకా పోయాక రాత్రిళ్లు నిద్రుండదు. మొదట్లో వెళ్తే ఒక్కపూటలో సిమెంటు పెట్టి పంపేస్తారు. చివర్లో వెళ్తే రూట్ కెనాల్, దాని మీద టోపీ, నాలుగైదు సార్లు తిరగడం, బస్సు ఛార్జీలు. అదీ కుదరకపోతే పీకడమే.

నన్ను బాగా భయపెట్టే దశ ఇంకొకటుంది. కొన్నాళ్లు సలిపి సలిపి, ఒకరోజు నొప్పి దానంతటదే ఆగిపోతుంది. "తగ్గిపోనాది నర్సమ్మా, ఇంకెందుకెల్లడం" అని సంబరంగా చెబుతారు. అది తగ్గడం కాదు, లోపల నరం చచ్చిపోవడం. చెప్పడానికి నరం లేదు గనక నొప్పి లేదు. వేరు కింద చీము మాత్రం చేరుతూనే ఉంటుంది. తర్వాత ఎప్పుడో దవడ కింద వాపొచ్చి, జ్వరం కాసి, మింగుడు పడకపోయినా నోరు తెరుచుకోకపోయినా తెల్లారేదాకా ఆగకండి. ఆ వాపు గొంతులోకి దిగితే ఊపిరాడదు.

2. ఆర్నెల్లకోసారా, ఏడాదికోసారా?

ఆర్నెల్లకోసారి పళ్ల డాక్టరుకి చూపించుకోవాలన్న మాట ప్రపంచమంతా ఉంది. ఆ లెక్కకి శాస్త్రంలో ఆధారమేమిటని లండన్ ఆచార్యుడు ఆబ్రీ షైహం 1977లోనే లాన్సెట్ పత్రికలో అడిగారు. తర్వాత 2004లో అక్కడి నైస్ అనే ప్రభుత్వ సంస్థ, పెద్దవాళ్ల విషయంలో నోరు ఉన్న తీరుని బట్టి మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా ఎంత ఎడం ఇవ్వాలో డాక్టరే తేల్చాలని సూచించింది. నాకిది సబబుగా తోస్తుంది. చుట్టగానీ ఖైనీగానీ గుట్కాగానీ అలవాటున్నవాళ్లు, షుగరున్నవాళ్లు, తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వచ్చేవాళ్లు మూణ్ణెల్ల నుంచి ఆర్నెల్ల లోపు వెళ్లాలి. ఈ బాధలేవీ లేనివాళ్లకి ఏడాదికోసారి చాలు.

ఏడాదికోసారి అంటే మర్చిపోతారు. అందుకే మా ఇంట్లో వాళ్లకి వినాయక చవితి వెళ్లిన వారం అని పెట్టాను. మా ఊళ్లో స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి ఉంది గనక ఆ పండగ ఎవరూ మర్చిపోరు. ఒక్క దంతంతో నెగ్గుకొచ్చింది ఆ స్వామి ఒక్కడే, మిగతావాళ్లం ఉన్నవి కాపాడుకోవాలి.

3. క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయన్నది అబద్ధం.

అన్నం తిన్నాక పంటి మీద పాచి పడుతుంది. తోమితే పోతుంది. తోమకుండా వదిలేస్తే ఉమ్మిలోని సున్నం పట్టి, బెల్లం పెనం అంచున అట్ట కట్టినట్టు గట్టిపడుతుంది. అదే గార. అక్కణ్ణుంచి ఏ బ్రష్షూ ఏ పొడీ దాన్ని తియ్యలేవు. గార కింద చిగురు వాస్తుంది, వెనక్కి జారుతుంది, లోపలి ఎముక కరుగుతుంది. ఇదంతా నొప్పి లేకుండానే జరుగుతుంది, అప్పుడప్పుడూ రక్తం కనిపించడం తప్ప. ఎముక పోయిన పన్ను ఎప్పుడో వదులైంది. అది కదలకుండా గార పట్టుకుని ఉంది, అంతే. గార తీయగానే నిజం బయటపడి డాక్టరు మీద నింద పడుతుంది. గార తక్కువ ఉన్నప్పుడే తీయించుకుంటే ఈ గొడవే ఉండదు. రక్తం వస్తోందని ఆ పక్క తోమడం మానేసేవాళ్లు ఎక్కువ. నిజానికి మెత్తటి బ్రష్షుతో ఆ చోటే ఇంకాస్త శ్రద్ధగా తోమాలి.

4. అంగిలి చూడండి.

ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా మన పల్లెల్లో, తీరం వెంట పేటల్లో, ఆడవాళ్లు చుట్టని తిరగేసి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగుతారు. అడ్డపొగ అంటాం. బయటి ఊళ్లవాళ్లు నమ్మరు. ఎందుకలా అని అడిగితే గాలికి ఆరదనేవారు, చాలాసేపు వస్తుందనేవారు, మా అమ్మా ఇలాగే తాగేదనేవారు. మగవాళ్ల చుట్ట గురించి ఊరంతా మాట్లాడుతుంది. ఈ చుట్ట వంటింటి వెనక, పశువుల పాక దగ్గర కాలిపోతుంది గనక ఎవరికీ పట్టదు.

నిప్పు నోట్లో ఉంటే వేడీ పొగా నేరుగా తగిలేది అంగిలికి. మొదట అంగిలి పాలిపోయి తెల్లబడుతుంది, మధ్యలో ఎర్రచుక్కలు లేస్తాయి, తర్వాత మందమైన మచ్చలు, పుళ్లు. అంగిలి మీద క్యాన్సర్ ప్రపంచంలో మిగతా చోట్ల అరుదు. మన దగ్గర అంత అరుదు కాదు. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లోని దంత పరిశోధకులు శ్రీకాకుళం జిల్లా పల్లెలు తిరిగి, 10,169 మంది నోళ్లు చూసి, 1971లో ఆ వివరాలు బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో అచ్చువేశారు. అడ్డపొగ గురించి ప్రపంచానికి తెలిసింది ఎక్కువగా ఆ పల్లెల వల్లే. తర్వాత ఆ బృందమే శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు అలవాటున్నవాళ్లని ఎంచుకుని, మానమని చెప్తూ, ఏటేటా నోళ్లు చూస్తూ వచ్చింది. మానినవాళ్లు పెరిగారు, మచ్చలు తగ్గాయి. 1986లో లాన్సెట్‌లో వచ్చిందది. చెబితే వినరన్నది మనం మన బద్ధకానికి చెప్పుకునే సాకు.

పల్లెలో మాట ఇలా సాగేది. "అప్పా, అంగిలి మీద తెల్లగా ఉంది, అనకాపల్లి వెళ్లి చూపించుకో." "నొప్పేటీ నేదు గదమ్మా." "నొప్పి లేదనే చెప్తున్నాను." ఆ ఒక్క మాటకి కొందరు ఆగి ఆలోచించేవారు. అంగిలి అద్దంలో సరిగా కనబడదు. తల వెనక్కి వాల్చి, ఫోను లైటు వేసి, కోడలి చేతో మనవరాలి చేతో ఫొటో తీయించుకోండి. ఎక్కడైనా తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలైనా మానని పుండు కనిపిస్తే ఆ ఫొటో చూసి ఊరుకోకుండా డాక్టరు దగ్గరకి పట్టుకెళ్లండి. క్యాన్సరే అని తేలితే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, టాటా మెమోరియల్ వాళ్లదే. మనకి బొంబాయి అంత దూరం కాదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30–49 ఏళ్ల ఆడవాళ్లని నోటి క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా అని అడిగారు. దేశం మొత్తం మీద అవునన్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు.

5. మూడు వేళ్లు పట్టాలి.

గుట్కా, ఖైనీ, వక్కపొడి నమిలే కుర్రాళ్లకి ఒక పరీక్ష. నోరు బాగా తెరిచి మూడు వేళ్లు నిలువుగా పెట్టండి. పట్టకపోతే బుగ్గల లోపల చర్మం బిగుసుకుపోతోందని అనుమానించాలి. పొగాకు లేని ఉత్త వక్కే కదా అంటారు. పొగాకు కలవకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లో ప్రకటించింది. ఆ బిగుతు వచ్చాక మిరపకాయ కూర నోట పెట్టలేరు. పెళ్లిళ్లలో ఏ కుర్రాడు కారం వద్దంటున్నాడో నేను గమనిస్తూ ఉంటాను.

6. తీపి ఎంత తిన్నారని కాదు, ఎన్నిసార్లు తిన్నారని.

గోవాడ చక్కెర మిల్లు, అనకాపల్లి బెల్లం మార్కెట్టు, మాడుగుల హల్వా, వీటి మధ్య బతికే మనుషులకి తీపి మానమని చెప్పడం నా వల్ల కాదు. మాననక్కర్లేదు కూడా. తీపి నోట్లోకి వెళ్లిన ప్రతిసారీ పాచిలోని క్రిములు దాన్ని పులియబెట్టి ఆమ్లం చేస్తాయి. ఓ అరగంట ఆ ఆమ్లం పంటిని కరిగిస్తుంది, తర్వాత ఉమ్మి దాన్ని మెల్లగా సర్దుతుంది. భోజనంతో పాటు రెండు అరిసెలు తింటే ఒకసారే దాడి. పంచదార వేసిన టీ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆరేడు గ్లాసులు తాగితే ఉమ్మికి సర్దుకునే వ్యవధే ఉండదు. నేను చూసిన పుచ్చుపళ్లలో స్వీట్లవి తక్కువ, టీ కొట్టువి ఎక్కువ. హల్వా లాంటి అంటుకునేవి రాత్రి పడుకోబోయే ముందు తినకండి. నిద్రలో ఉమ్మి ఊరడం తగ్గిపోతుంది.

7. వేపపుల్ల, బొగ్గు, పేస్టు.

వేపపుల్ల మీద నాకు కోపం లేదు. కొస మెత్తగా నమిలి, నెమ్మదిగా రుద్దితే పాచి పోతుంది. అడ్డంగా బలంగా గీకితే మాత్రం చిగురు దగ్గర పన్ను అరిగి గంటు పడుతుంది. బొగ్గు, ఇటుక పొడి, ముతక ఉప్పు మాత్రం వదిలేయండి. అవి తెల్లగా చేసేది పైపొరని అరగదీసే. ముక్కుపొడి చిగుళ్లకి రాసుకోవడం పళ్లు తోమడం కాదు, పొగాకు తినడమే.

పేస్టులో ఫ్లోరైడ్ ఉందో లేదో డబ్బా మీద చదవండి. మూలికల పేస్టుల్లో చాలావాటిలో ఉండదు. ఫ్లోరైడ్ అనగానే నల్గొండ గుర్తొచ్చి జనం జంకుతారు, అందులో తప్పులేదు. మన దేశంలో ఎముకలు వంకరపోయే ఆ జబ్బుని మొదట గుర్తించి రాసింది 1937లో, మన నెల్లూరు జిల్లాలోనే. అది బావినీళ్లతో రోజూ కడుపులోకి వెళ్లిన ఫ్లోరైడ్. పేస్టులోది ఉమ్మేసేది. కరిగిన పంటిని గట్టిపరిచే పని అదే చేస్తుంది. రాత్రి పూట తోమడం పొద్దుటి కంటే ముఖ్యం. రెండు నిమిషాలు తోమి, నురగ ఉమ్మేసి, వెంటనే చెంబెడు నీళ్లతో పుక్కిలించకుండా వదిలేయండి, ఫ్లోరైడ్ కాసేపు పంటి మీద ఉంటుంది. గొంతులో పుల్ల గీసుకుంటూ వీధంతా వినబడేలా కాండ్రించడం వల్ల పళ్లకి వచ్చే లాభమేమీ లేదు.

8. పంటిలో పురుగు లేదు.

సంతల్లో వాకుడు గింజల పొగ పట్టి పురుగు తీశామని చూపిస్తారే, ఆ తెల్లటివి గింజ ముక్కలే. పై పన్ను పీకిస్తే చూపు పోతుందన్నదీ అంతే, కంటి నరం వేరు, పంటి నరం వేరు. చీము పట్టిన పన్నుని ఈ భయంతో ఏళ్ల తరబడి దాచుకున్న పెద్దలున్నారు. లవంగనూనె నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుంది, పుచ్చుని ఆపదు. నొప్పిబిళ్లలకీ అదే మాట.

9. గర్భిణులు మానేయనక్కర్లేదు.

నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా పంటి వైద్యానికి అనువైన కాలం. ఆ నెలల్లో చిగుళ్లు వాచి రక్తం రావడం మామూలే, అలాగని తోమడం ఆపకూడదు. అత్తగార్లకి ఈ సంగతి నేనే వెళ్లి చెప్పాల్సి వచ్చేది.

10. డబ్బు సంగతి.

ప్రభుత్వాసుపత్రిలో పళ్ల డాక్టరు ఉన్నారా, ఏ రోజుల్లో ఉంటారు అని ముందు కనుక్కోండి. విశాఖలో కేజీహెచ్ ఉంది. రుషికొండలో గీతం దంత కళాశాల, సంగివలసలో అనిల్ నీరుకొండ దంత కళాశాల ఉన్నాయి. కాలేజీల్లో పిల్లలు అధ్యాపకుల కళ్లెదుట నేర్చుకుంటూ చేస్తారు గనక ప్రైవేటు క్లినిక్కుల కంటే ఖర్చు తక్కువ, సమయం ఎక్కువ. నాకైతే ఆ నిదానమే నచ్చుతుంది. ఒక రోజు కూలి పోతుందని వెళ్లనివాళ్లతో నేను వాదించను. చేను కోతలైపోయిన వారంలో వెళ్లమంటాను.

11. వెళ్లేటప్పుడు మందుల చీటీలన్నీ పట్టుకెళ్లండి.

షుగరు అదుపులో లేకపోతే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్లు పాడైతే షుగరు అదుపులోకి రాదు. రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. అందుకే పళ్ల డాక్టరు ముందు షుగరు ఎంత అని అడుగుతారు, "పన్ను పీకడానికొస్తే రక్త పరీక్షేటి" అని విసుక్కోకండి. గుండె జబ్బుకి రక్తం పలచబడే మాత్ర వేసుకునేవాళ్లు పన్ను పీకించుకోవడానికని సొంతంగా ఆపేయకూడదు. ఆ మాట ఇద్దరు డాక్టర్లూ కలిసి తేల్చాలి. కట్టుడు పళ్లున్నవాళ్లు వాటిని రాత్రి తీసి కడిగి నీళ్లలో వేసుకోవాలి, డాక్టరు దగ్గరకి వాటిని కూడా పట్టుకెళ్లాలి. పళ్లన్నీ ఊడిపోయాయి, ఇంకెందుకు వెళ్లడం అని అడిగిన ముసలమ్మలకి నేనిచ్చిన జవాబు ఒకటే: "పళ్లు పోయినా అంగిలి ఉంది గదా అప్పా, నాలిక ఉంది గదా, బుగ్గలున్నాయి గదా. చుట్టా ఉంది."