ఇల్లు చల్లబరచు క్రమము

రామగుండమునందును ఆదిలాబాదునందును వేసవి యెండ 45 డిగ్రీలు దాటు దినములు గలవని మన విద్యార్థులకు వేరుగ జెప్పబనిలేదు. అట్టి మధ్యాహ్నమున రేకుల యింట గూర్చుండి చదువుట యెట్టిదో వారిలో ననేకు లెరుగుదురు. మన తాతల గూనపెంకుటిండ్లలో, మట్టిగోడలు మందముగ నుండుటచే, ఇంత బాధ లేకుండెను. వాన కారుట మాత్రము వేరు మాట.

ఒంటి అంతస్తు యింటిలోనికి వేడిమి విశేషముగ కప్పునుండియే దిగును. విద్యార్థులు దీనిని పరీక్షింపవచ్చును. రెండు రేకుముక్కలు దెచ్చి, యొకదానికి తెలుపును రెండవదానికి నలుపును పూసి, క్రింద ఉష్ణమాపకము లుంచి, ఒక గంట యెండలో నిలిపి చూడుడు.

ఈ సూత్రము ననుసరించియే తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిలు 3వ తేదీన చల్లని కప్పుల విధానమును ప్రకటించెను. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లబరచవలెనని అందలి లక్ష్యము; 200 హైదరాబాదునకు, 100 తక్కిన రాష్ట్రమునకు. ప్రభుత్వ భవనములకును, 600 చదరపు గజములకు దక్కువ గాని స్థలమున గట్టు ఇండ్లకును ఇది విధి. అంతకు చిన్న యిండ్లవారికి ఐచ్ఛికము. రేకుల యిల్లు 600 గజముల స్థలమున నెన్నడైన నుండునా? ఎక్కువగ వేగిపోవు కుటుంబమే విధికి వెలుపల నిలిచినదని మాకు తోచుచున్నది.

అట్టి కుటుంబము పనులన్నియు నొక్కయేట జేయజాలదు; కావున వరుస ముఖ్యము. మొదట పగుళ్లు పూడ్చి, కారుట మాన్పి, పిమ్మట తెలుపు పూయవలెను. మరుసటి యేడు పడమటి కిటికీకి నీడయు, వేడిగాలి పైకి బోవుటకు మార్గమును. తరువాత 75 వాట్ల పాత ఫ్యానునకు బదులు 30 వాట్లది. సూర్యఫలకములు తుదను రావలెను. కారు కప్పుపై వానిని బిగించినవాడు మరమ్మతుకై మరల విప్పింపవలసి వచ్చును. అయినను 2024 ఫిబ్రవరిలో నారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము 78,000 రూపాయలవరకు నిచ్చు సాయము ఫలకములకే గాని కప్పు మరమ్మతునకు గాదు. కడపటి మెట్టునకు ధనమిచ్చి మొదటి మెట్టును విడుచుట మాకు సమ్మతము గాదు. రెంటికిని వరుసగ సాయము చేయుటయే న్యాయము.

ఆదిలాబాదు చలికాలమున తెల్లకప్పు బాధింపదా యని తల్లిదండ్రులడుగవచ్చును. పగటి వెచ్చదనము కొంత తగ్గుట నిజమే. ఆ నష్టము వేసవి లాభము కంటె చిన్నది.

సున్నము వానకు గొట్టుకొనిపోవును గావున ఏటేట ఫాల్గుణమునందు మరల పూయవలెను. పని ఉదయముననే ముగింపుడు. నిచ్చెన పట్టుకొనుట కొకరిని తోడుంచుకొనుడు. రేకులపై మాత్రము కాలు మోపకుడు.