ఆరోగ్య పాఠం: పెరటి కోళ్ళు చెప్పే సంగతులు

విరేచనాలతో పిల్లవాణ్ణి తీసుకొని వచ్చిన తల్లిని మేము తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇంట్లో కోళ్ళున్నాయా? రాత్రి ఎక్కడ మూస్తారు?" చాలామంది, "మంచం పక్కనే గంప కింద, సిస్టరమ్మా" అంటారు. నాలుగు పెట్టలు, ఒక పుంజు ఉంటే పిల్లలకు గుడ్డు దొరుకుతుంది, అవసరానికి చేతిలో డబ్బు ఆడుతుంది. మంచిదే. కాని కోళ్ళకు వచ్చే జబ్బుల్లో కొన్ని మనకూ వస్తాయి. అందుకే ఈ నెల పాఠం కోళ్ళ గురించి.

మేము చేసిన పొరపాటు

మేమూ క్వార్టర్ల వెనుక కోళ్ళు పెంచుతున్నాము. కొన్నేళ్ళ క్రితం సంతలో ఒక పెట్టను కొని, ఆ సాయంత్రమే మిగతావాటితో కలిపి మూశాము. మర్నాడు అది ఒక మూల ముడుచుకొని కూర్చుంది. "కొత్త చోటు గదా, బెంగ పెట్టుకుంది" అనుకున్నాము. తరువాత పచ్చగా పారుకుంది, మెడ మెలి తిరిగింది. పది రోజులు తిరిగేసరికి తొమ్మిదింటిలో ఆరు పోయాయి. అది కొక్కెర తెగులు. రాణికెట్ అని కూడా అంటారు. రోజూ పిల్లల టీకా కార్డులు చూసే మేమే మా కోళ్ళకు టీకా వేయించలేదు.

కోడి తన జబ్బును దాచుకుంటుంది. నీరసంగా కనిపిస్తే తోటి కోళ్ళే పొడుస్తాయి. అది ముడుచుకొని కూర్చున్నదంటే జబ్బు అప్పటికే ముదిరిందన్నమాట. కాబట్టి నడవడిలో చిన్న మార్పునే మనం కనిపెట్టాలి.

ఉదయం అయిదు నిమిషాలు

వార్డులో రౌండ్లు వేసినట్లే రోజూ గూడు తలుపు తీయగానే పిడికెడు నూకలు చల్లి చూడండి. ఏది వెనుకబడింది? తురాయి ఎర్రగా ఉన్నదా? రెట్ట ఎలా ఉన్నది? నోరు తెరచి గాలి పీలుస్తున్నదా? ఒళ్ళు వేడిగా తగిలితే జ్వరమనుకోవద్దు. కోడి ఒంటి వేడి మామూలుగానే 106 – 107 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది.

మనమే సరిచేయగలిగినవి

1. పొడుచుకోవడం: పెద్దరికం కోసం కొద్దిగా పొడుచుకోవడం సహజం. రక్తం వచ్చేలా పొడిచినా, ఈకలు పీకినా గూడు ఇరుకై ఉండవచ్చు, మేతలో మాంసకృత్తులు తక్కువై ఉండవచ్చు. గూటిలో ఒక్కో కోడికి రెండు చదరపు అడుగుల చోటు ఇవ్వండి. నూకలతో పాటు వేరుశనగ చెక్క పెట్టండి. ఎర్రని గాయం కనబడితే మిగతావి ఇంకా పొడుస్తాయి. అది మానేవరకు ఆ కోడిని వేరుగా ఉంచాలి.

2. గుడ్లు తినడం: పగిలిన గుడ్డు రుచి చూసి అలవాటు పడతాయి. ఆల్చిప్పలు దంచి మేతలో కలిపితే పెంకు గట్టిపడుతుంది. గుడ్లు రోజుకు రెండుసార్లు తీయండి.

3. పొదుగుకు కూర్చోవడం: ఇది జబ్బు కాదు. పిల్లలు కావాలంటే గుడ్లు పెట్టండి, 21 రోజులకు పొదుగుతుంది. వద్దనుకుంటే గడ్డి పరచని, గాలి ఆడే బోనులో మూడు నాలుగు రోజులు ఉంచి మేత, నీళ్ళు ఇవ్వండి. నీళ్ళలో ముంచి హింసించవద్దు.

4. గూటిలోకి పోనని మొండికేయడం: చెక్క సందుల్లో చేరిన పురుగులు రాత్రిపూట రక్తం పీలుస్తూ ఉండవచ్చు. గూడు శుభ్రం చేసి సున్నం కొట్టండి. పగలు పొర్లడానికి పొడి మట్టి ఉంచండి. అదే వాటికి స్నానం.

పశువైద్యునికి చెప్పవలసినవి

పిల్లల రెట్టలో రక్తం, పచ్చని విరేచనం, మెడ మెలి తిరగడం, తురాయి మీద పొక్కులు కనిపిస్తే ఆ కోడిని వేరుచేసి పశువైద్యశాలకు వెళ్ళండి. ఇంట్లో మిగిలిన మన మాత్రలు వేయవద్దు. కొక్కెర తెగులు వైరస్ వల్ల వస్తుంది, దానికి మందు లేదు, టీకా ఉన్నది. మొదటి వారంలో కంట్లో లేక ముక్కులో చుక్క, ఎనిమిదో వారంలో సూది. ఒక సీసా మందు ఎన్నో కోళ్ళకు సరిపోతుంది గనుక ఇరుగుపొరుగు కలిసి వేయించుకొనండి. టీకాను మంచులోనే తేవాలి. కొత్త కోడిని మూడు వారాలు వేరుగా ఉంచాలి.

చచ్చేలోగా కోసుకుందామనవద్దు

ఇది మా ముఖ్యమైన మనవి. తూగుతున్న కోడిని "పారేయడం ఎందుకు, కోసుకుందాం" అంటారు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. మరుసటి నెల పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ళ పాప ఆ హెచ్5ఎన్1 వైరస్ సోకి మరణించింది. పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. బాగా ఉడికిన కూరలో ఈ వైరస్ బ్రతకదు. అపాయం ఉడకకముందే, ఈకలు పీకేటప్పుడు, కోసేటప్పుడు, పక్కన కూర్చున్న పిల్లల చేతికి ముక్క అందేటప్పుడు ఉంటుంది.

కోళ్ళు హఠాత్తుగా చనిపోతున్నా, తురాయి నీలంగా మారినా ముట్టుకోకుండా వెంటనే పశువైద్యశాలకు తెలియజేయండి. కాలువలో పడవేయవద్దు, అమ్మవద్దు. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే ఆసుపత్రిలో మొదటే, "మా కోళ్ళు చనిపోయాయి" అని చెప్పండి. ఆ ఒక్క మాట డాక్టరుగారికి ఎంతో ఉపయోగపడుతుంది.

ఆరోగ్యంగా ఉన్న కోళ్ళ రెట్టలోనూ విరేచనాలు కలిగించే క్రిములు ఉండవచ్చు. గూడు పడకగది బయట ఉండాలి. గుడ్లు తీసినా, గూడు ఊడ్చినా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పిల్లలు కోడిపిల్లలను ముద్దు పెట్టుకోకుండా చూడాలి.

కూడికలో చర్చించండి

1. మన వీధిలో ఎన్ని ఇళ్ళ కోళ్ళకు టీకా వేయించారు?
2. రాత్రి కోళ్ళను ఎక్కడ మూస్తున్నాము?
3. జబ్బు కోడిని కోద్దామని ఇంట్లో పెద్దలు అంటే వారికి మర్యాదగా ఏమని చెప్పాలి?