మంచిపనిలో పుట్టే విసుగు

స్వచ్ఛందంగా తలకెత్తుకున్న పనిలో వచ్చే విసుగు, జీతానికి చేసే పనిలో వచ్చేదానికంటే ఘాటుగా ఉంటుంది. జీతానికి చేసేవారికి నెలాఖరున లెక్క తేలిపోతుంది. ఊరికే చేసేవారు మాత్రం 'మేలు చేస్తున్నాను కదా, ఎవరూ అడ్డు రాకూడదు' అని లోలోపల అనుకుంటారు. చిక్కంతా ఆ అనుకోవడంలోనే ఉంది. దిక్కులేని కుక్కను తెచ్చి సాకేవారిలో, ఊళ్లో పిల్లల బొమ్మల ప్రదర్శన పెట్టేవారిలో ఇది స్పష్టంగా బయటపడుతుంది.

షెల్టర్ నుంచో వీధిలోంచో వచ్చిన కుక్క మంచం కింద దూరి ఎంత పిలిచినా రాదు. పెరుగన్నం వాసన చూసి వదిలేస్తుంది. అర్ధరాత్రి మొరుగుతుంది, చెప్పులు కొరుకుతుంది. తెచ్చినవారికి ఇది విశ్వాసం లేకపోవడంలా కనిపిస్తుంది. నిజానికి అది బెదురు. మూడు రోజులు బెదురు, మూడు వారాలకు అలవాటు, మూడు నెలలకు ఇల్లు తనదన్న ధీమా అని కుక్కలను సాకేవారు ఒక ఉజ్జాయింపు లెక్క చెబుతారు. గిద్దలూరు, మార్కాపురం వంటి ఊళ్ల ఎండల్లో పట్టపగలు తారురోడ్డు మీద నడిపిస్తే పాదాలు కాలతాయి, కనుక షికారు పొద్దు ఎక్కకముందే ముగియాలి. పక్కింటివారి అభ్యంతరానికి వాదన కంటే టీకా కార్డు మంచి జవాబు. మూడు నెలల వయసుకు రేబిస్ టీకా, ఆపైన డాక్టరు చెప్పినట్టు ఏటా వేయించాలి. జులై 6న, జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల దినం (జూనోసిస్ దినం) నాడు, పశువైద్యశాలల్లో దీన్ని ఉచితంగా వేయడం ఆనవాయితీ. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన పిల్లవాడికి తొలి టీకా వేయించాడు.

ప్రదర్శన బాధలు వేరు. హాలు దొరికిన తేదీకి పెళ్లి ముహూర్తమో పదో తరగతి పరీక్షలో అడ్డొస్తాయి. ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తాడు, 'మావాడి బొమ్మ మూలన పెట్టారేం?' అని ఒక తండ్రి నిలదీస్తాడు. పలకలకు పేరుపడ్డ మార్కాపురంలో పలక మీద బొమ్మ వేయించాలనే ఆలోచన సహజం. కానీ బలపంతో గీసినది చెయ్యి తగిలితే చెరిగిపోతుంది, అక్రిలిక్ రంగు నిలుస్తుంది. రాయికి మేకు కొడితే పొరలుగా చిట్లుతుంది. కొయ్య చట్రానికి రంధ్రం వేసి తీగతో వేలాడదీయడమే క్షేమం. ఇలాంటివి మొదటిసారి ఎవరికీ తెలియవు, దానికి నొచ్చుకోనవసరం లేదు. రాజమహేంద్రవరంలో ఆంధ్ర చిత్రకళకు బడి కట్టిన దామెర్ల రామారావు (1897–1925) ఇరవై ఎనిమిదో ఏటనే మశూచితో పోయాడు. ఆయన పేరిట చిత్రశాల నిలబడిందంటే, ఆ తర్వాత ఎందరో ఇలాంటి చిల్లర పనులు ఓపికగా మోసినందువల్లే.

విసుగు వచ్చినప్పుడు ఏం ఆశించామో ఒక వాక్యంలో రాసుకోవడం ఉపయోగకరమైన అలవాటు. 'కుక్క ఈపాటికి దగ్గరికి రావాలి', 'అందరూ మెచ్చుకోవాలి' అని కాగితం మీద కనపడగానే, అందులో తన చేతిలో ఉన్నదెంతో తెలుస్తుంది. కుక్క ఎప్పుడు నమ్ముతుందన్నది చేతిలో లేదు, రోజూ ఒకే వేళకు అన్నం పెట్టడం ఉంది. అతిథి ఎప్పుడొస్తాడన్నది లేదు, ఆయన కోసం ఆగకుండా పిల్లలచేతే రిబ్బను కత్తిరించడం ఉంది. అన్నీ ఒక్కరే మోయాలన్న పట్టుదల కూడా విసుగును పెంచుతుంది. హాలు తాళాల బాధ్యత ఒకరికి, ఏ బొమ్మ ఎవరిదో రాసే చిట్టా మరొకరికి ముందే అప్పగించడం మేలు. ప్రదర్శన ముగిసిన సాయంత్రమే చిట్టా చూసి ఎవరి పలక వారికి ఇచ్చేస్తే, మర్నాటి ఫిర్యాదులు చాలావరకు తగ్గుతాయి.