కత్తి ఎవరిది, కాయ ఎవరిది?

హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ని. ఊళ్లో ఏ వింత జరిగినా "మాస్టారూ, దీనికేమంటారు?" అంటూ మా అరుగు దాకా వస్తారు. వాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. జరగనివి కూడా లెక్కేయండి.
కాకి అరిచింది, చుట్టాలొచ్చారు. బాగానే ఉంది. మరి అరిచినా ఎవరూ రాని రోజులో? ఏ కాకీ కూయకుండానే సంచులతో దిగిన బావమరిదో? అవెవరికీ గుర్తుండవు.

2. అరుదైనదీ జరుగుతుంది.
"కల్లో పెదనాన్న కనపడ్డాడు, తెల్లారేసరికి కబురొచ్చింది" అంటారు. అలా కల నిజమవడం ఒక రాత్రిలో పది లక్షల మందికి ఒక్కరికే జరుగుతుందనుకుందాం. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది దాదాపు ఎనిమిదిన్నర కోట్ల మంది. అంటే రాత్రికి 80 మందికి పైనే! వాళ్లు ఊరంతా చెబుతారు. కల వచ్చి ఏమీ జరగనివాళ్లు కాఫీ తాగి పనికి పోతారు. అయినా పెదనాన్న మంచాన పడి ఉంటే కల్లోకి ఆయన రాక ఇంకెవరొస్తారు?

క్లాసులో 23 మంది ఉంటే చాలు, ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగం దాటుతుంది. 50 మంది ఉంటే నూటికి 97. (పాత బడి రిజిస్టర్లతో మాత్రం సరిచూడకండి. చేర్చుకున్న మాస్టారే ఏదో ఒక తేదీ వేసేసేవారు, సగం ఊరు జూన్‌లోనే పుట్టినట్టుంటుంది.)

3. ముందు సామాను చూడండి.
నిమ్మకాయ కోస్తే రక్తం కారిందని హడలిపోయిన ఇళ్లు చాలా చూశాను. ఎర్రమందార రేకులు నాలుగు తీసుకుని కత్తికి రెండు వైపులా గట్టిగా రుద్ది ఆరనివ్వండి. ఊదా మరక మిగులుతుంది, దూరం నుంచి పాత కత్తి మీది మచ్చలాగే ఉంటుంది. ఇప్పుడు కాయ కోయండి. పులుపు తగలగానే ఆ రంగు ఎర్రబడి బొట్లు బొట్లుగా కారుతుంది. లిట్మస్ కాగితం చేసే పనే ఇది. పైసా ఖర్చు లేదు, తొమ్మిదో తరగతి పిల్లలు కేరింతలు కొడుతూ చేసేవారు. ఇంటికొచ్చిన స్వాములవారికి మీ వంటింటి కత్తి, మీ చెట్టు కాయ ఇచ్చి కోయమనండి. అడగడంలో అమర్యాదేమీ లేదు.

1995 సెప్టెంబరు 21న దేశమంతా వినాయకుడికి పాలు తాగించింది. స్పూను తొండానికి ఆనించి వంచితే, తలతన్యత వల్ల పాలు అంచు దాటి విగ్రహం మీద సన్నటి పొరలా జారిపోతాయి. తెల్లరాయి మీద తెల్లపాలు కనపడవు. రంగు కలిపి పోసి చూపించారు శాస్త్రవేత్తలు.

4. చూశానన్న మనిషిని చూసి నవ్వకండి.
"రాత్రి గుండెల మీద దయ్యం కూర్చుంది, అరుద్దామంటే గొంతు పెగల్లేదు" అని కోడలు చెబితే ఆమె అబద్ధమాడటం లేదు. కలలొచ్చే నిద్రలో కాళ్లూ చేతులూ కదలకుండా మెదడే కట్టడి చేస్తుంది. ఒక్కోసారి మెలకువ ముందొస్తుంది, కట్టడి ఇంకా వీడదు. కల కళ్లెదుటే ఉంటుంది, ఒళ్లు కదలదు. దీన్ని నిద్ర పక్షవాతం అంటారు, కాసేపట్లో తగ్గిపోతుంది. నిద్ర చాలనివాళ్లకు, వెల్లకిలా పడుకునేవాళ్లకు ఎక్కువ. అర్ధరాత్రి దాకా అంట్లు తోమి నాలుగింటికే లేచే మనిషికి తాయెత్తు కట్టడం కన్నా, పొద్దున పాలపని కొడుకు చేసుకుంటే మేలు.

5. పేరు వినపడితే ఊరుకోకండి.
దయ్యాల కబుర్లతో నాకు పేచీ లేదు, నేనూ వింటాను. ఊళ్లో పిల్లలకు జ్వరాలొచ్చి, "ఇదంతా ఫలానా ముసలిదాని పని" అనే మాట పుట్టిందంటే వేరే సంగతి. చేతబడి, బాణామతి నెపంతో పళ్లు ఊడగొట్టిన ఘోరాలు, కొట్టి చంపిన ఘోరాలు మన ఊళ్లలోనే జరిగాయి. అనుమానం పడేది ఒంటరిదాని మీదో, గట్టు తగాదా ఉన్నవాళ్ల మీదో. ఆ గట్టు సంగతి అందరి ముందూ అడగండి. గుంపు కదిలేలా ఉంటే 112కి ఫోన్ చేయండి. జ్వరమొచ్చిన పిల్లాణ్ని ఆసుపత్రికి పంపించి, మంచినీళ్ల పైపు మురుక్కాలవ దగ్గర ఎక్కడ పగిలిందో పంచాయతీవాళ్లను తవ్వి చూడమనండి.