మాస్టర్ వేణు: మెట్ల మీద పలికిన మన పాట

పియానో, హార్మోనియం, ఆర్గన్ మూడూ మెట్ల వాద్యాలు. ఒక మెట్టు నొక్కితే ఒక్క స్వరమే పలుకుతుంది. వీణ మీద తీగను పక్కకు లాగి స్వరాన్ని ఊపవచ్చు, వయొలిన్ మీద వేలు జార్చవచ్చు. మెట్ల మీద అది కుదరదు. మన సంగీతానికి ప్రాణమేమో ఆ ఊపులోనే, అంటే గమకంలోనే ఉంది. అందుకే 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. ఆ నిషేధం సడలడానికి సుమారు ముప్పై ఏళ్లు పట్టింది.

అలాంటి కాలంలో మెట్ల వాద్యాన్నే నమ్ముకుని పైకి వచ్చిన తెలుగువారు మాస్టర్ వేణు గారు. అసలు పేరు మద్దూరి వేణుగోపాల్. 1916లో మచిలీపట్నంలో పుట్టారు. సంగీతం మీద ఇష్టంతో బొంబాయి దాకా వెళ్లి నేర్చుకున్నారు. మద్రాసులో సంగీత దర్శకుడు భీమవరపు నరసింహారావు గారి దగ్గర సహాయకుడిగా పనిచేశారు. నటుడు భానుచందర్ ఈయన కుమారుడే. ఈ మాట చెప్పాకే మా ఇళ్లలో పెద్దవాళ్లకు వేణు గారెవరో గుర్తొచ్చింది!

దక్షిణాది సినిమా పాటకు హామండ్ ఆర్గన్‌ను పరిచయం చేసినవారిగా ఆయనకు పేరు. ఈ వాద్యం వెనుక ఉన్న పాఠం విద్యుదయస్కాంత ప్రేరణ. అమెరికాలో గడియారాలు తయారుచేసే లారెన్స్ హామండ్ దీన్ని 1930లలో రూపొందించాడు. లోపల గాలి గొట్టాలు ఉండవు. మోటారుతో తిరిగే పళ్ల చక్రాలు ఉంటాయి. ఒక్కో చక్రం పక్కన తీగ చుట్టిన అయస్కాంతం ఉంటుంది. చక్రం పళ్లు దాని ముందు నుంచి సాగిపోతుంటే తీగలో విద్యుత్తు పుడుతుంది. సెకనుకు 440 పళ్లు దాటితే 440 హెర్ట్‌జ్ స్వరం. దాన్ని పెద్దదిగా చేసి స్పీకరుకు పంపుతారు. మెట్ల పైన ఉన్న చిన్న కడ్డీలను లాగి, తోసి, ధ్వని రంగు మార్చుకోవచ్చు. వేలు తీయనంత సేపూ స్వరం నిలిచే ఉంటుంది. పియానోలో అయితే కొట్టిన మరుక్షణం నుంచే స్వరం సన్నగిల్లుతుంది.

ఇదే చిక్కు సముద్రాల అవతల జాజ్ వాళ్లకూ ఉంది. నల్లజాతివారి పాటల్లో గొంతు స్వరాల మధ్య జారుతుంది. పియానో జారదు. థెలోనియస్ మాంక్ అనే పియానో విద్వాంసుడు 1917లో, అంటే మన వేణు గారి తర్వాతి ఏడాదే పుట్టాడు. కుర్రతనంలో క్రైస్తవ ప్రచారకుల బృందంతో ఊరూరా తిరుగుతూ ఆర్గన్ వాయించాడు. పక్కపక్క మెట్లు రెండిటిని ఒకేసారి కొట్టి, వాటి మధ్య ఉన్న స్వరం చెవికి తోచేలా చేయడం అతని పద్ధతి. మొదట్లో అది తప్పుగా కొట్టడమనుకున్నవాళ్లూ ఉన్నారు. 1950లలో జిమ్మీ స్మిత్ హామండ్ ఆర్గన్‌నే జాజ్‌లో ముఖ్య వాద్యంగా నిలబెట్టాడు.

మన సినిమా పాట పట్టిన దారి వేరు. గమకం గొంతుకు, వేణువుకు, వయొలిన్‌కు వదిలేసి, మెట్ల వాద్యానికి పాట కింద పరుచుకునే పని, చరణాల మధ్య దూరం నింపే పని అప్పగించారు. మాంక్ దారి కంటే ఇది తేలికగా కనబడుతుంది కానీ, మాకలా అనిపించలేదు. ఎక్కడ ఆగాలో తెలియకపోతే ఆర్గన్ పాటను మింగేస్తుంది.

సంగీత దర్శకుడిగా వేణు గారికి గొప్ప పేరు తెచ్చిన చిత్రం 1955 నాటి ‘రోజులు మారాయి’. తాపీ చాణక్య దర్శకుడు. అందులో ఏరువాక పాటను కొసరాజు రాయగా జిక్కి పాడారు. తర్వాత హిందీలో పెద్ద తార అయిన వహీదా రెహమాన్ నర్తించారు. ఏరువాక అంటే తొలకరిలో రైతులు మొదటిసారి అరక కట్టే పండుగ. తర్వాత ‘తోడికోడళ్ళు’ (1957), ‘మాంగల్యబలం’ (1959), ‘రాజమకుటం’ (1960) వచ్చాయి. 1981లో వేణు గారు కన్నుమూశారు. మరుసటి ఏడాదే మాంక్ కూడా.

ఏరువాక పాట మాత్రం ఒక్కచోట ఉండలేదు. తమిళ ‘కాలం మారిపోచ్చు’లోకి వెళ్లింది. 1960లో ‘బంబయి కా బాబు’ అనే హిందీ చిత్రంలో, ఎస్.డి. బర్మన్ సంగీతంలో, ఆశా భోస్లే గొంతులో అదే వరస మళ్లీ వినిపించింది. మాయాబందర్‌లో మా బెంగాలీ స్నేహితులకు బర్మన్ పేరు చెబితే ముఖాలు వెలుగుతాయి. వేణు గారి పేరు వాళ్లెవరూ విననే లేదు. మాకు బదిలీ అయితే టీసీలో అమ్మానాన్నల పేర్లు రాసి పంపుతారు. పాటకు టీసీ ఎవరిస్తారు? బర్మన్ గొప్పవారే, అందులో సందేహం లేదు. అయినా ఆ వరస ఎక్కడి నుంచి వచ్చిందో ఆ స్నేహితులకు మేమే చెప్పాం. నమ్మలేదు, వినిపించమన్నారు.

చేసి చూడండి: ఫోనులో కీబోర్డు యాప్ తెరిచి ‘రి’ నొక్కండి. ఇప్పుడు అదే ‘రి’ని గొంతుతో ఊపుతూ పాడండి. తర్వాత మాంక్‌లా పక్కపక్క మెట్లు రెండు కలిపి నొక్కి, మీ గొంతుకు ఏది దగ్గరగా ఉందో వినండి. నెట్ బాగా వచ్చిన రోజున రెండు భాషల్లోనూ ఏరువాక వరసను వెంటవెంటనే పెట్టుకుని, జిక్కి ఎక్కడ స్వరాన్ని ఊపారో, ఆశా భోస్లే ఎక్కడ ఊపారో కాగితం మీద గీతలు గీసుకోండి.